కారుకు లోచెవి లేదు: మెట్టసీమ నుంచి ఓడెక్కేవారికి

పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019లో కార్లు తయారుచెయ్యడం మొదలుపెట్టింది. ఆ కార్లలో కొన్ని మన రోడ్ల మీద తిరుగుతున్నాయి, కొన్ని ఓడలెక్కి దేశాలు దాటాయి. ఆ లెక్కన ఈ సీమలో మనుషుల కంటే కార్లకే సముద్రం ఎక్కువ తెలుసు అనాలి. కారుకు ఆ ప్రయాణంలో ఏ బాధా లేదు. చక్రాలకు బెల్టులు బిగించి ఓడ అడుగుకు కట్టేస్తే చాలు, ఎంత ఊగినా నోరెత్తదు. మనిషికి అలా కుదరదు. మనిషికి లోచెవి ఉంది, కడుపు ఉంది, ఎక్కడపడితే అక్కడ పెట్టే చేతులున్నాయి, జేబులో ఫోనుంది. మొదటిసారి క్రూజ్ ఓడ ఎక్కినవాళ్లు పడే తిప్పలు చాలావరకు ఈ నాలుగింటి వల్ల వచ్చేవే. సముద్రం తనంతట తాను పెట్టే బాధ తక్కువ.

హిందూపురం సముద్రమట్టానికి 600 మీటర్లకు పైన ఉంది. తీరం ఏ వైపు వెళ్లినా దూరమే. అయినా రేవుకు దారి మాత్రం ఊళ్లో నుంచే పోతుంది. బెంగళూరు నుంచి ముంబయి వెళ్లే ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ హిందూపురం, ధర్మవరం మీదుగా పోయి ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌లో దించుతుంది. బల్లార్డ్ పియర్‌లోని క్రూజ్ టెర్మినల్ అక్కడికి దగ్గరే, టాక్సీ ఎక్కినంతసేపు పట్టదు. భువనేశ్వర్ వెళ్లే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఇవే స్టేషన్ల మీదుగా విశాఖపట్నం చేరుస్తుంది. చెన్నైకి బెంగళూరులో బండి మారితే సరి.

ఓడలూ వచ్చాయి. కార్డీలియా సంస్థ వారి 'ఎంప్రెస్' 2021 సెప్టెంబరులో ముంబయి నుంచి తిరగడం మొదలుపెట్టింది. 2022 జూన్‌లో విశాఖకు వచ్చి ప్రయాణికులను ఎక్కించుకుంది. సుమారు 96 కోట్ల రూపాయలతో విశాఖ రేవులో కట్టిన అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. దీనికి ఎంతో ముందు నుంచే విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు (ఇప్పటి శ్రీ విజయపురం) ప్రభుత్వ ప్రయాణికుల ఓడలు నడుస్తున్నాయి. రెండు రోజులకు పైబడిన ప్రయాణం అది. హంగూ ఆర్భాటం లేని ఆ ఓడల్లో అండమాన్ వెళ్లివచ్చిన ఉత్తరాంధ్ర కుటుంబాలను అడిగితే, క్రూజ్ కంపెనీల రంగుల పుస్తకాల్లో లేని సంగతులు నాలుగు చెబుతారు.

ఎంప్రెస్ 2022 జూన్‌లో పడమటి తీరం వదిలి ఇటు రావడానికి కారణం మన సీమకు బాగా తెలిసినదే. నైరుతి రుతుపవనాలు అరేబియా సముద్రం మీద వేల కిలోమీటర్లు అడ్డూఆపూ లేకుండా వీస్తూ వస్తాయి. అలల ఎత్తును నిర్ణయించేవి మూడు: గాలి వేగం, అది ఎంతసేపు వీచింది, నీటి మీద ఎంత దూరం పరుగెత్తింది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ముంబయి తీరానికి మూడూ కలిసివస్తాయి. ఆ గాలి పడమటి కనుమలను గుద్దుకుని తన తేమలో చాలా భాగాన్ని అక్కడే వదిలేస్తుంది. కనుమలు దాటేసరికి చేతులూపుకుంటూ వస్తుంది గనుక అనంతపురం, హిందూపురం చేలకు దక్కే వాన తక్కువ. ఆ పొడిగాలే ఇంకా తూర్పుకు పోయి చెన్నై దగ్గర నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. తీరానికి దగ్గరలో దానికి నీటి మీద పరుగెత్తే దూరం తక్కువ, కాబట్టి అలలు కూడా కొంత తక్కువ. మన పంటలను ఎండగట్టిన కొండలే తూర్పు తీరం ఓడలకు కొంతవరకు చాటు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతానికి తుపానుల కాలం, ఆ నెలల్లో అటు టికెట్ కొంటే వాతావరణ వార్తలు కూడా చూస్తూ ఉండాలి. జనవరి నుంచి మార్చి వరకు రెండు వైపులా మామూలుగా నెమ్మదే. మొదటి ప్రయాణానికి నేనైతే ఆ మూడు నెలల్లోనే వెళ్లమంటాను.

ధర్మవరంలో ఒక నేతగాడు క్రూజ్ ఓడ ఫొటో చూసి అడిగాడు, "ఇంత ఎత్తుకు కట్టినారు గదా సార్, గాలొస్తే పక్కకు పడిపోదా?" ఆ ప్రశ్నకు చిన్న జవాబు చెప్పి వదిలెయ్యకూడదు. ఎంప్రెస్‌నే తీసుకుందాం. 1990లో ఫ్రాన్స్‌లోని సెంట్ నజైర్ ఓడల కార్ఖానాలో పుట్టింది. పొడవు 211 మీటర్లు. నీటి కింద ఉండే భాగం ఏడెనిమిది మీటర్లు, నీటి పైన పది అంతస్తులకు తక్కువ కాని మేడ. దాని టన్నేజీ 48,563 అని కాగితాల మీద ఉంటుంది. ఇది బరువని చాలామంది పొరబడతారు. 1969 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం గ్రాస్ టన్నేజీ అంటే ఓడ లోపలి జాగాకు కొలత. ఆ సూత్రంలో పెట్టి వెనక్కి లెక్కేస్తే ఈ ఓడలో సుమారు 1,60,000 ఘనపు మీటర్ల చోటుందని తేలుతుంది. బరువు చూస్తే టన్నేజీ అంకె కంటే బాగా తక్కువ. పైన కనిపించే మేడ చాలావరకు గాలి: గదులు, హాళ్లు, నడవాలు. ఇంజన్లు, ఇంధనం, నీళ్ల ట్యాంకులు అన్నీ అడుగునే.

అడుగు బరువుగా ఉంది గనుక తంజావూరు బొమ్మ లాగా ఎంత వంచినా లేస్తుందని చెప్పేస్తే సరిపోయేది. అయితే అది సగం నిజమే. బొమ్మకు బరువంతా అట్టడుగున ఉంటుంది. ఓడ గరిమనాభి, అంటే బరువంతా ఒక్కచోట ఉన్నట్లు లెక్కేసే బిందువు, మాత్రం మామూలుగా దాన్ని నీరు పైకి నెట్టే బిందువు కంటే ఎత్తులోనే ఉంటుంది. ఐనా పడిపోదు. ఓడ కుడికి ఒరిగితే కుడివైపు భాగం ఎక్కువగా మునుగుతుంది. మునిగినకొద్దీ అక్కడ నీటి నెట్టుడు పెరుగుతుంది. ఆ నెట్టుడు పనిచేసే చోటు ఓడ మధ్య నుంచి కుడికి జరుగుతుంది. బరువు మధ్యలో కిందికి లాగుతుంటే నీరు కుడిపక్కన పైకి నెడుతుంది, రెండూ కలిసి ఓడను తిప్పి నిలబెడతాయి. ఓడ వెడల్పుగా ఉన్నకొద్దీ ఈ బలం ఎక్కువ. అందుకే నేతగాడికి ఇచ్చిన జవాబు, "ఒరుగుతుంది, ఒరగడం వల్లే మళ్లీ లేస్తుంది" అని.

ఈ లేచే బలం మరీ ఎక్కువైనా ప్రయాణికుడికి కష్టమే. అలాంటి ఓడ ఒరిగిందో లేదో ఒక్క విసురుతో తిరిగి నిలబడుతుంది, బల్ల మీద గ్లాసులు, మంచం మీద మనుషులు దొర్లుతారు. క్రూజ్ ఓడలను గీసే ఇంజనీర్లు ఆ బలాన్ని కావాలనే ఒక హద్దులో ఉంచి, ఊపు నెమ్మదిగా సాగేలా చేస్తారు. ఒక పక్కకు ఒరిగి, రెండో పక్కకు పోయి, తిరిగి రావడానికి పదిహేను ఇరవై సెకన్లు పట్టడం మామూలే. కొత్తగా ఎక్కినవాడికి ఆ నెమ్మది చూస్తే, ఇక లేవదేమో అని భయం వేస్తుంది. నిజానికి డబ్బు పెట్టి కొన్నదే ఆ నెమ్మది. దీనికి తోడు నీటి కింద రెండు పక్కలా స్టెబిలైజరు రెక్కలుంటాయి. వాటిని యంత్రాలు క్షణక్షణం తిప్పుతూ ఊపును చాలావరకు అణుస్తాయి. అవి పనిచెయ్యాలంటే ఓడ ముందుకు పోతూ ఉండాలి. పైగా అవి పక్కలకు ఊగడాన్ని ఆపుతాయే గాని, ముందూ వెనకా లేచిపడే ఊపును ఏమీ చెయ్యలేవు. కడుపులో తిప్పేది ఎక్కువగా ఈ రెండో ఊపే.

ఇక్కడికి లోచెవి సంగతి వచ్చింది. చెవి లోపల, ఎముకలో, మూడు అర్ధవర్తుల కుల్యలుంటాయి. వాటిలో ద్రవం ఉంటుంది. తల తిప్పితే గోడలు తిరుగుతాయి, ద్రవం ఒక్క క్షణం వెనకబడుతుంది. ఆ తేడాను సన్నని రోమాలు పసిగట్టి మెదడుకు చెబుతాయి. ఆ పక్కనే రెండు చిన్న సంచులు. వాటిలో జిగురు మీద కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు, అంటే సున్నపురాయి నలుసులు పరిచి ఉంటాయి. లిఫ్టు పైకి లేచినప్పుడు, బస్సు బ్రేకు వేసినప్పుడు ఆ నలుసులు జరిగి మనకు కదలిక తెలుస్తుంది. ఓడ గదిలో కూర్చున్నప్పుడు కళ్లకు గోడలు, మంచం, కుర్చీ అన్నీ నిలకడగా కనిపిస్తాయి. లోచెవి మాత్రం లేస్తున్నాం, పడుతున్నాం అంటూ ఉంటుంది. ఇద్దరు సాక్షులు రెండు మాటలు చెబుతుంటే మెదడు తికమకపడుతుంది. ఆ తికమకే వాంతిగా ఎందుకు మారాలి అన్నదానికి శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్నారు గాని, లోచెవి పనిచెయ్యకపోతే ఈ వాంతి లేదన్నది గట్టి మాట. చెవిటివారిలో చాలామందికి తల తిరగదని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ 1882లోనే గమనించాడు. లోచెవి పాడైనవాళ్లను తర్వాతి రోజుల్లో తుపాను సముద్రంలో ఓడ మీద తీసుకెళ్లి చూస్తే, పక్కవాళ్లంతా డోకుతున్నా వాళ్లు హాయిగా ఉన్నారు.

దీనికి సముద్రం దాకా పోనక్కర్లేదు. తిరుమల ఘాట్ రోడ్డు మీద బస్సులో డ్రైవరు మామూలుగా వాంతి చేసుకోడు. వెనక సీటులో సెల్‌ఫోను చూస్తున్నవాడికే వస్తుంది. డ్రైవరుకు మలుపు ముందే తెలుసు. చేతులు తిప్పుతున్నాయి, కళ్లు రోడ్డు మీదున్నాయి, చెవి చెప్పేది వాటితో కలుస్తుంది. ఓడలో మనం డ్రైవరు సీటులో కూర్చోలేం గాని, కళ్లకు అలాంటి నిజం ఒకటి చూపించగలం. డెక్ మీదికి వచ్చి దిగంతం వైపు చూడాలి. ఆకాశం నీటిని తాకే ఆ గీత ఒక్కటే అక్కడ కదలనిది. నీటికి 30 మీటర్ల ఎత్తున నిలబడితే అది 20 కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరంలో ఉంటుంది. మీటర్లలో ఎత్తుకు వర్గమూలం కట్టి మూడున్నరతో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. పెనుకొండ దుర్గం ఎక్కి అంతకంటే ఎంతో దూరం చూసినవాళ్లకు సముద్రం చిన్నదిగా అనిపించినా ఆశ్చర్యం లేదు.

కడుపును కుదిపే ఊపుకు ఒక వేగం ఉంది. 1970లలో మనుషులను యంత్రంలో కూర్చోబెట్టి పైకీ కిందికీ ఊపి చూసినప్పుడు, సుమారు అయిదు సెకన్లకొకసారి లేచిపడే ఊపు అన్నిటికంటే ఎక్కువ మందికి వాంతి తెప్పించింది. ఇంకా వేగంగా ఊపినా, ఇంకా నెమ్మదిగా ఊపినా బాధ తగ్గింది. ఓడ ముందూ వెనకా లేచిపడే ఊపు తరచు ఈ అయిదారు సెకన్ల దగ్గరికే వచ్చి కూర్చుంటుంది.

దీన్నిబట్టి గది ఎక్కడ తీసుకోవాలో తేల్చుకోవచ్చు. ముందూ వెనకా లేచిపడే ఊపులో ఓడ మధ్యభాగం దాదాపు కదలదు, రెండు కొసలూ ఎక్కువ కదులుతాయి. పక్కలకు ఊగేటప్పుడు పై అంతస్తులు ఎక్కువ దూరం కొట్టుకుంటాయి, కింది అంతస్తులు తక్కువ. కాబట్టి మధ్యలో, కింది అంతస్తులో ఉన్న గది మేలు. విచిత్రం ఏమిటంటే క్రూజ్ కంపెనీలు పై అంతస్తు బాల్కనీ గదులకు ఎక్కువ ధర కడతాయి. ఎక్కువ డబ్బిచ్చి ఎక్కువ ఊపు కొనుక్కోవడం అన్నమాట. కిటికీ లేని లోపలి గది చవక, కాని దిగంతం కనిపించదు. తల తిరిగే స్వభావం ఉన్నవాళ్లకు కింది అంతస్తులో, ఓడ నడుమన, చిన్న కిటికీ ఉన్న గది అన్నిటికంటే మంచి బేరం. టికెట్ బుక్ చేసేటప్పుడు ఓడ ప్లాను చూపించమని ఏజెంటును నిలదీయండి. "ఏ గదైనా ఒకటే సార్" అంటే నమ్మొద్దు.

మాత్రల విషయంలో ముఖ్యమైనది వేళ. వాంతి మొదలైతే కడుపు తన పని ఆపేస్తుంది. అందులో పడింది ముందుకు కదలదు. అప్పుడు మింగిన మాత్ర కూడా కడుపులోనే నిలబడి ఉంటుంది, లేదా బయటికొస్తుంది. అందుకే ఓడ కదలడానికి ఒకటి రెండు గంటల ముందే వేసుకోవాలి. సిన్నరిజిన్, ప్రొమెథజిన్, మెక్లిజిన్ అనే మందులు మన మెడికల్ షాపుల్లో దొరుకుతాయి. మూడూ నిద్రమత్తు తెచ్చేవే. మద్యంతో కలిస్తే ఆ మత్తు ఇంకా పెరుగుతుంది. ప్రోస్టేట్ సమస్య, గ్లకోమా ఉన్నవాళ్లు, గర్భిణులు, చిన్నపిల్లలు ఇంటి డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. అల్లం వల్ల కొంత మేలున్నట్లు కొన్ని పరీక్షల్లో కనిపించింది, నష్టమైతే పెద్దగా లేదు. ఘాట్ బస్సుల్లో వాసన చూసే నిమ్మకాయకు సాక్ష్యం బలహీనం. చేతిలో ఉంటే ధైర్యం కదా, తీసుకెళ్లండి. రెండేళ్లలోపు పసివాళ్లకు ఈ బాధ అరుదు. రెండు నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లలకే ఎక్కువ. చాలామందికి రెండు మూడు రోజుల్లో మెదడు సర్దుకుంటుంది. మన దగ్గర అమ్మే క్రూజ్‌లు చాలావరకు రెండు మూడు రాత్రులవే గనుక, సర్దుకునే వేళకు దిగిపోవాల్సి వస్తుంది.

1860లో మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో ఓడలో 342 మంది నెలకు పైగా సముద్రం మీద గడిపి నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో దిగారు. చెరకు తోటల కూలి ఒప్పందం మీద వెళ్లిన ఆ తొలి ఓడలో తెలుగువాళ్లూ ఉన్నారు. స్టెబిలైజరు రెక్కలు లేవు, మాత్రలు లేవు, గదులూ లేవు. సముద్రం చూసి ఎరగని మెట్ట పల్లెల మనుషులు ఆ నెల ఎలా గడిపారో ఊహించడానికి మన రెండు రాత్రుల అనుభవం కాస్త పనికొస్తుంది.

ఓడెక్కగానే మొదట చేయించేది అత్యవసర కసరత్తు. చాలామంది దీన్ని తప్పించుకుని బఫే వైపు నడుస్తారు. ఈ నిబంధన ఎలా గట్టిపడిందో తెలిస్తే అలా చెయ్యరు. 1912లో టైటానిక్ మునిగాక 1914లో సముద్రంపై ప్రాణరక్షణకు మొదటి అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. అందులోంచి పెరిగిన నిబంధనలు, ప్రయాణికులు ఎక్కిన 24 గంటల్లోపు కసరత్తు చేయిస్తే చాలన్నాయి. 2012 జనవరి 13 రాత్రి ఇటలీలో కోస్టా కాంకోర్డియా అనే క్రూజ్ ఓడ జిల్యో దీవి దగ్గర రాతిని కొట్టుకుంది. దాని మీద 4,200 మందికి పైగా ఉన్నారు. 32 మంది చనిపోయారు. ఆ రోజే రేవులో ఎక్కిన వందల మందికి అప్పటికింకా కసరత్తు జరగలేదు. లైఫ్ జాకెట్ ఎక్కడుందో, తమ పడవ ఏ పక్కనుందో తెలియని జనం చీకట్లో, ఒరిగిన నడవాల్లో వెతుక్కున్నారు. 2015 నుంచి ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే కసరత్తు తప్పనిసరి అయింది. ఏడు పొట్టి కూతలు, ఒక పొడవు కూత వినబడితే అది అత్యవసర సంకేతం. గది నుంచి మీకు కేటాయించిన గుమిగూడే చోటికి ఒక్కసారి లిఫ్టు వాడకుండా, మెట్ల మీద నడిచి చూసుకోండి. ముసలివాళ్లు వెంట ఉంటే వాళ్లను నడిపించి చూడండి.

నావికులు నీటి కంటే నిప్పుకే ఎక్కువ భయపడతారు. మద్రాసు, సింగపూర్ల మధ్య 1970ల నుంచి తమిళులను, తెలుగువాళ్లను మోసిన ఎం.వి. చిదంబరం 1985 ఫిబ్రవరిలో నడిసముద్రంలో అంటుకుంది. ప్రాణాలు పోయాయి, ఆ సర్వీసు మళ్లీ నడవలేదు. ఓడలో ఇస్త్రీపెట్టె, కెటిల్, ఇండక్షన్ స్టవ్ తెస్తే గుమ్మం దగ్గరే తీసేసుకుంటారు. ఎక్స్‌టెన్షన్ బాక్సును కూడా ఎందుకు తీసుకుంటారని గొడవపడేవాళ్లున్నారు. ఇంట్లో కరెంటుకు రెండు తీగల్లో ఒకటి న్యూట్రల్, దాన్ని భూమికి కలిపి ఉంచుతారు. చాలా ఓడల్లో అలా కలపరు, రెండు తీగల్లోనూ కరెంటు ఉన్నట్లే లెక్క. ఒక చోట తీగ తెగి ఓడ ఇనుముకు తగిలినా మోటార్లు ఆగిపోకూడదని ఆ ఏర్పాటు. ఇంటి కోసం చేసిన సర్జ్ ప్రొటెక్టరు బాక్సు అలాంటి లైనులో వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. పొద్దున్నే దీపం పెట్టే అలవాటున్నవాళ్లు అగరొత్తి, కర్పూరం ఇంట్లోనే వదిలి వెళ్లాలి. గదిలో పొగ సెన్సరు దేవుడి పొగ, సిగరెట్టు పొగ అని చూడదు.

చేతుల విషయానికి వస్తే, ఓడలో వేల మంది ఒకే గరిటె పట్టుకుంటారు. నోరోవైరస్ అనే సూక్ష్మజీవి పదుల సంఖ్యలో కణాలు లోపలికి పోతే చాలు, వాంతులు, విరేచనాలతో మంచం పట్టిస్తుంది. శానిటైజరు దీని మీద సరిగా పనిచెయ్యదు. కోవిడ్ వైరస్‌కు చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, ఆల్కహాలు దాన్ని కరిగిస్తుంది. నోరోవైరస్‌కు ఆ పొర లేదు. సబ్బు దాన్ని చంపదు గాని, చర్మం మీద నుంచి ఊడదీసి నీళ్లతో కొట్టుకుపోయేలా చేస్తుంది. ఇరవై సెకన్లు రుద్దాలి. బఫేలో వడ్డించుకుని, తినబోయే ముందు మళ్లీ కడుక్కోవాలి. గరిటె మధ్యలో వస్తుంది కదా. చేత్తో కలుపుకుని తినే మనకు ఈ క్రమం మరీ ముఖ్యం. ఓడలో జబ్బు గాలి ద్వారా కూడా పాకుతుంది: 2020 ఫిబ్రవరిలో జపాన్ రేవులో ఆగిన డైమండ్ ప్రిన్సెస్ అనే క్రూజ్ ఓడలో 3,711 మందిలో 712 మందికి కోవిడ్ అంటుకుంది. జ్వరం, విరేచనాలు ఉంటే దాచిపెట్టి ఎక్కొద్దు.

తాగే నీటి గురించి భయం వద్దు. ఓడ తన నీటిని చాలావరకు తానే చేసుకుంటుంది. అనంతపురం జిల్లా పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్లతో పళ్లు, ఎముకలు పాడైన కథలు విని పెరిగిన మనకు ఆర్‌వో ప్లాంటు కొత్త కాదు. ఓడలోనూ అదే పొర, అదే సూత్రం. అయితే లీటరు సముద్రపు నీటిలో 35 గ్రాముల దాకా ఉప్పుంటుంది. పొర గుండా మంచినీళ్లను రివర్సులో నెట్టాలంటే ముందు వాతావరణ పీడనానికి సుమారు 27 రెట్లను ఓడించాలి. నీళ్లు ఎడతెగకుండా రావాలని అంతకు రెట్టింపు పీడనం పెడతారు. ఇంకో పద్ధతిలో ఇంజన్ల వేడితోనే సముద్రపు నీటిని మరిగిస్తారు. గాలి తీసేసిన గిన్నెలో పీడనం తక్కువ గనుక నీరు 100 డిగ్రీలకు చాలా ముందే మరుగుతుంది, పారబొయ్యాల్సిన వేడి పనికొస్తుంది. కుళాయి నీళ్లు తాగొచ్చు, మూడు రోజులకు నీళ్ల బాటిళ్లు మొయ్యనక్కర్లేదు.

ఫోను విషయం చిన్నదే గాని జేబుకు పెద్దది. తీరం కనుమరుగయ్యాక ఫోను మన టవర్లు దొరక్క వెతుకుతుంది, ఓడ సొంత టవరు దొరికితే దానికి అతుక్కుంటుంది. అది ఉపగ్రహం మీదుగా పోయే లైను, రోమింగ్ ధర భూమ్మీద ధరతో పోలిక లేనిది. ఓడ కదలగానే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, కావాలంటే వైఫై మాత్రం తెరవండి. నెట్ లేకపోతే ఫోన్‌పే, గూగుల్ పే పనిచెయ్యవు. కార్డు, కొంత నగదు వెంట ఉంచుకోవాలి. విదేశీ రేవుల్లో ఫోను గడియారం తనంతట తాను మారుతుంది, ఓడ గడియారం మారకపోవచ్చు. దిగినప్పుడు చేతికి ఓడ టైము పెట్టిన వాచీ ఒకటి కట్టుకోండి. ఓడ ఎవరి కోసమూ ఆగదు. రేవులో బెర్తుకు, పైలట్‌కు గంటల లెక్కన ఏర్పాటు ఉంటుంది, ఇంకో ఓడ బయట వేచి ఉంటుంది. ఆర్టీసీ బస్సును చెయ్యెత్తి ఆపే అలవాటు ఇక్కడ చెల్లదు. ఇదే కారణంతో, రైలు ఆలస్యమైతే ఓడ పోతుంది, డబ్బులూ పోతాయి. ఓడ బయల్దేరే ముందురోజే రేవున్న ఊరు చేరి రాత్రి అక్కడ పడుకోవడం మేలు.

దేశంలోనే తిరిగే క్రూజ్‌కు మన పౌరులకు ప్రభుత్వ గుర్తింపు కార్డు సరిపోతుంది. శ్రీలంక, సింగపూర్ లాంటి విదేశీ రేవుంటే ఆర్నెల్లకు పైగా గడువున్న పాస్‌పోర్టు కావాలి. సింగపూర్‌లో ఎక్కి మళ్లీ సింగపూర్‌లోనే దిగేవాళ్లు ఆ దేశంలోకి రెండుసార్లు వచ్చినట్లు లెక్క. వీసా అందుకు తగినదో కాదో చూసుకోవాలి. పెద్ద సూట్‌కేసులు రేవులోనే తీసుకుని గంటల తర్వాత గదికి పంపుతారు గనుక బీపీ, షుగరు మాత్రలు, పాస్‌పోర్టు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉండాలి. ఓడ డాక్టరు బిల్లు, నడిసముద్రం నుంచి ఆసుపత్రికి తరలించే ఖర్చు మామూలు ఆరోగ్య బీమాలోకి రాకపోవచ్చు. ప్రయాణ బీమా చెయ్యకుండా తల్లిదండ్రులను పంపొద్దు.

ఇంట్లో చేసిన ఓళిగలు, ఊరిబిండి చాలా ఓడల్లో గుమ్మం దగ్గరే ఆపేస్తారు. ఎవరి వంట వల్ల ఎవరికి కడుపు చెడిందో తర్వాత తేల్చలేరు కదా. సీలు వేసిన పొడులు, పచ్చళ్ల ప్యాకెట్లు కొన్ని చోట్ల ఒప్పుకుంటారు, ముందే అడగండి. ధర్మవరం పట్టుచీర తప్పక తీసుకెళ్లండి, కాని డైనింగ్ హాల్లోనే కట్టండి. డెక్ మీద గాలిలో ఉండే ఉప్పు తుంపర ఆరిపోయినా గుడ్డలో నిలిచి, గాలిలోని తేమను పీల్చుకుంటూనే ఉంటుంది. పట్టుకూ జరీకూ అది మంచిది కాదు. ఇస్త్రీపెట్టె దొరకదు గనుక ఇంట్లోనే మడత చక్కగా పెట్టుకోవాలి.

దిగిన తర్వాత కొందరికి నేల ఊగుతుంది. మూడు రోజులుగా ఊపుకు సర్దుకున్న మెదడు, ఊపు ఆగిపోయినా ఇంకా దాన్ని లెక్కలో కలుపుతూనే ఉంటుంది. స్నానాల గదిలో, ఇరుకు నడవాలో, కళ్లు మూసుకున్నప్పుడు ఎక్కువగా తెలుస్తుంది. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో పోతుంది. వారాలు గడిచినా తగ్గకపోతే చెవి డాక్టరుకు చూపించాలి. ఈలోగా హిందూపురం స్టేషన్లో రైలు దిగి, స్టాండులో పెట్టి వెళ్లిన మోటారుసైకిల్ మీద మాత్రం ఇంటికి బయల్దేరకండి. ఆటో మాట్లాడుకోండి, బండి రెండో రోజు తెచ్చుకోవచ్చు.